చదవని చక్రం మీద పన్నెండు ప్రసంగాలు

జనవరి 17, శుక్రవారం

చక్రం లేచింది.

కొట్టు తలుపు తీసేసరికి బస్టాండు రేకుల మీదుగా సగం కనిపించింది. మిగతా సగం సాయంత్రానికి బిగిస్తారు. మన ఊరికి ఎగ్జిబిషన్, దానితో ఈ జెయింట్ వీల్ రావడం ఇది పన్నెండో చలికాలం. నా ప్రాణమా, నడుం కట్టుకో. ఈ ఏటి ప్రసంగం సిద్ధంగా ఉంది: ఎంత తిరిగినా ఎక్కినచోటే దింపే చక్రం, దాని కోసం వరసలో నిలబడే లోకం. మూడు భాగాలు, ఒక ముగింపు. తాళంచెవులు అరగదీస్తూ గొంతెత్తి ఒకసారి చెప్పుకున్నాను. ఎదురుకొట్టువాడు షట్టరు సగానికి దించుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్లేసరికి మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణించి చక్రం బాగా కనిపిస్తుంది. చూసింది. చలిగాలి కొడుతోందని కిటికీ మూసేసింది. వడ్డించింది.

అడగలేదు.

పదకొండేళ్లుగా ఏటా చక్రం ఎక్కుదామని అడుగుతుంది, ఏటా కాదంటాను. మొదటి ఏడు సూటిగా అడిగింది. తర్వాత తమ్ముడిచేత అడిగించింది. ఒక ఏడు నా నోటినిండా ముద్ద ఉన్నప్పుడు చూసి అడిగింది, మాట పెగలదని. తల అడ్డంగా ఊపాను. ఇంకో ఏడు అసలు నోరు విప్పకుండా క్యాలెండరులో తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఊరుకుంది. ఆ సున్నా కింద నేను గ్రంథవాక్యం రాశాను.

ఈ ఏటి జవాబు నెల రోజులుగా సిద్ధంగా ఉంది. జేబులోనే ఉండిపోయింది. తాళం లేకుండా తాళంచెవి అరగదీసినట్టుంది.

జనవరి 18, శనివారం

అడగలేదు. మంచిదే. ఇంట్లో లోకాశ ఒకటి తగ్గింది.

జనవరి 19, ఆదివారం

ఉదయం ప్రార్థనా మందిరంలో నా ప్రసంగానికి ఇరవై ఆరుమంది. అందరూ దగ్గర దగ్గరగా కూర్చున్నారు. ఐకమత్యం అనుకుని సంతోషించాను గాని, పైరేకులోంచి చలి దిగుతోందని తర్వాత తెలిసింది.

సాయంత్రం అయిదింటికి ఎగ్జిబిషన్ గేటుకి ఎదురుగా, వేరుశనగకాయల బండి పక్కన, నా చెక్కపెట్టె బోర్లించి ఎక్కాను. ఒక చేతిలో మైకు, చంకలో గ్రంథం. గొంతు దివ్యంగా పలికింది. ఒకటే లోటు. పరిహాసకుడు రాలేదు.

వాడి సంగతి ఎప్పుడూ ఇందులో రాసుకోలేదు. ఏటా నేను పెట్టె ఎక్కిన మొదటి ఆదివారం, చక్రం తిరిగి తిరిగి ఆగినప్పుడు, అన్నిటికన్నా పైనున్న తొట్టిలోంచి ఎవడో పసుపు రంగు గుడ్డ ఊపుతాడు. సరిగ్గా నా వైపే. అంత ఎత్తున మొహం ఆనదు. ఎగతాళి తప్ప మరేముంటుంది? నేను వేలెత్తి చూపిస్తాను: నేల మీది మాట విననివాడు గాల్లోంచి వెక్కిరిస్తున్నాడు చూడండి అంటాను. జనం తలలెత్తుతారు. ప్రసంగం అక్కడ భగ్గుమంటుంది. నిజం చెప్పాలంటే వాడు నా రెండో భాగం.

ఇవాళ అలవాటుకొద్దీ వేలెత్తాను. జనం చూశారు. పైన ఖాళీ తొట్టి ఊగుతోంది.

వేరుశనగకాయలాయన మెడ సాచి, "ఎక్కడండీ?" అన్నాడు.

దారం తెగింది. మూడో భాగం మింగేసి ముగింపుకి వచ్చేశాను. శత్రువు రాకపోతే సంతోషించాలి. సంతోషంగానే ఉంది.

జనవరి 20, సోమవారం

బావమరిది వచ్చాడు. వీధి చివర టైలరు, ఆవిడకి తమ్ముడు. మందిరంలో కూర్చునేది రెండో బెంచీ, నాలుక మాత్రం మొదటి బెంచీలో ఉంటుంది. కుట్టుమిషను సొరుగు తాళం పట్టేసిందట. నేను తాళం చూస్తుంటే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నాకో నియమం ఉంది. బడిలో అయిదో తరగతి దాటలేదు నేను. అక్షరం అక్షరం కూడబలుక్కుని సొంతంగా చదువుకున్నవాణ్ణి. అందుకని ఏ భాగమైనా నిలబడి మూడుసార్లు చదివితేగాని దాని మీద నోరు విప్పను. ఇది సంఘమంతటికీ తెలుసు, నేనే చెబుతుంటాను కాబట్టి.

"ఎగ్జిబిషన్‌ని ఎన్నిసార్లు చదివావు బావా?" అన్నాడు వాడు.

పన్నెండేళ్లుగా గేటు ముందు నిలబడి చూస్తున్నానన్నాను.

"అట్ట చూసి పుస్తకం మీద ప్రసంగమా?"

అంతటితో ఆగలేదు. గ్రంథంలో ఆ పొట్టివాడు ప్రభువుని చూడాలని చెట్టెక్కాడు కదా, ఎందుకెక్కావురా అని ఎవరైనా తిట్టారా, దిగిరా అని పిలిచి వాడింట్లోనే భోంచేశారు కదా అన్నాడు. చెట్టు దేవుడు చేశాడు, చక్రం మనిషి చేశాడు, రెంటికీ పోలికేమిటన్నాను. ఆ మనిషిని ఎవరు చేశారన్నాడు. ఇలాంటి వాళ్లకి వాక్యం నేర్పకూడదు. మన కత్తితో మననే పొడుస్తారు.

తాళం బాగైంది. గడప దాటుతూ ఆగి, అక్క ఈసారి అడగలేదటగా అన్నాడు. లేదన్నాను.

"నిరుడు నువ్వు చేసిన పనికి ఇంకా అడుగుతుందేమిటి?" అని వెళ్లిపోయాడు.

జనవరి 21, మంగళవారం

నిరుడు నేను చేసింది ప్రసంగం. పని కాదు.

జనవరి 22, బుధవారం

ఇవాళ ఎగ్జిబిషన్ లోపలికి వెళ్లాను. వెళ్లలేదు, పని తీసుకెళ్లింది.

పొద్దున్నే మనిషి పరిగెత్తుకొచ్చాడు. జెయింట్ వీల్ స్విచ్చులుండే రేకు గది తాళంలో చెవి విరిగిందట, తలుపు తెరుచుకోకపోతే చక్రం తిరగదట. తిరగకపోతే మంచిదేగా అని నాలో ఒక మాట లేచింది. కాని విరిగిన తాళాన్ని వదిలెయ్యడం నా వృత్తిలో లేదు. అయినా గ్రంథంలో వాగ్దత్త దేశాన్ని వేగు చూడటానికి పంపిన పన్నెండుమందీ లోపలికి వెళ్లే చూశారు. గోడ బయట పెట్టె వేసుకుని చూడలేదు.

చక్రం నడిపేవాణ్ణి అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. కోటుకి కుట్టిన గుండీలకన్నా మరకలే ఎక్కువ. అప్పటికే తాళాన్ని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి ఉంచాడు. ఇదే లోకం చేసే పొరపాటు. పట్టేసిన తాళాన్ని కొట్టకూడదు, తిప్పకూడదు. చుక్క నూనె వేసి, చెవి ఆనించి, లోపల ఏ పిన్ను అలిగి కూర్చుందో వినాలి. అలిగినదాన్ని కదిపితే మిగతావి వాటంతటవే దారికొస్తాయి. పావుగంటలో ముక్క బయటికొచ్చింది. తాళం తెరుచుకుంది. గ్రీజు బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇప్పుడు నా కోటుకీ మరక ఉంది.

ఎలాగూ వచ్చాను కదా అని, లోపలి పాపాలు రాసుకోవడానికి ఈ పుస్తకం వెనక పేజీ తీశాను. గట్టిగా సంగీతం. పనిలేని నవ్వులు. తర్వాత ఏం రాశానో చూస్తే: చక్రం ఇరుసు నా నడుమంత లావు, అంత బరువునీ మోస్తూ వేలితో తోస్తే కదులుతుంది. ఇది పాపాల్లో ఎలా చేరిందో తెలీదు.

వచ్చే ముందు గ్రీజు బాబాయ్ ఒక మాట చెప్పాడు. ఏటా మొదటి ఆదివారం పసుపు శాలువా కప్పుకుని ఒక అమ్మగారు వస్తుందట. రెండు టికెట్లు తీసుకుని ఒక్కతే ఎక్కుతుందట. పక్కన ఎవరినీ కూర్చోనివ్వదట.

"మీరు బయట మైకు పట్టుకుంటారు చూడండి, సరిగ్గా అప్పుడే వస్తుంది. పైన కాసేపు ఆపమంటుంది. ఈ ఏడు రాలేదు. ఒంట్లో బాగోలేదేమో."

ప్రాణమా, స్తోత్రం చెయ్యి. పరిహాసకుడు ఒక స్త్రీ. నా ప్రసంగం వేళకే వస్తుందంటే, విని వినీ పశ్చాత్తాపపడింది. ఈ ఏడు మానేసింది. పన్నెండేళ్ల కష్టానికి ఒక ఆత్మ.

ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. వింటూ చేతిలో గిన్నె తోముతూనే ఉంది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

"మానేసిందంటే పాపం ఆవిడకి వేరే కారణం ఏమైనా ఉందేమో," అంది.

పశ్చాత్తాపం తప్ప వేరే కారణం ఏముంటుంది?

జనవరి 24, శుక్రవారం

బాగుచేసిన తాళం మళ్లీ బిగుసుకుంటుందేమో చూసిరావాలని వెళ్లాను. బాగానే ఉంది. నిన్న కూడా బాగానే ఉందని కబురొచ్చింది, కాని పనివాడు తన కళ్లతో చూసుకోవాలి.

తాళం దగ్గర్నించి గేటుకి దారి అద్దాల గది మీదుగా ఉంది. ఇంకో దారీ ఉంది, అటు బురద. అద్దాల గదిలో నేను ఒకచోట తాటిచెట్టంత, ఒకచోట కుండంత కనిపించాను. ఒక అద్దంలో నా గడ్డం మోకాళ్లదాకా సాగింది, ముక్కు మాయమైంది. ఆ ముక్కులేని ప్రవక్తని చూసి నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను: కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. పక్కన ఎవరో పెద్దావిడ నన్ను చూసి నవ్వింది, ఆవిణ్ణి చూసి నేను. పరిచయం లేని ఇద్దరం కుండల్లాగా నవ్వుకున్నాం.

చెక్క బావిలో గోడ మీద మోటారు సైకిలు నడిపేవాణ్ణి కూడా చూశాను. విశ్వాసం మీద ప్రసంగానికి పనికొస్తుంది. చక్రం ఎక్కలేదు. అది హద్దు. ఇంకా, వెలుగు తగ్గుతుంటే ఆ ఎత్తు చూసి కోటు గుండీలన్నీ పెట్టుకున్నాను. చలి.

ఆవిడ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది. ఎక్కడినుంచని అడగలేదు. దగ్గరికొచ్చి నా గడ్డంలోంచి గులాబీరంగు పీచుమిఠాయి పోగు ఒకటి పీకింది. ఆవిడ ఆ పోగుని వెలుగులో చూసి, నోట్లో వేసుకుని, లోపలికి వెళ్లిపోయింది.

జనవరి 26, ఆదివారం

ఇవాళ చక్రం జోలికి పోలేదు. గ్రంథంలో రాజు దేవుడి ఆజ్ఞలుంచిన మందసం ముందు నాట్యం చేసిన ఘట్టం చెప్పాను. రాజు వీధిలో ఒళ్లు మరిచి గంతులేస్తాడు. రాణి మేడ మీద కిటికీలోంచి చూసి చీదరించుకుంటుంది. ఆ రాణిని ఏళ్ల తరబడి తిట్టాను. సంతోషాన్ని దూరంనుంచి చూసి మొహం చిట్లించేవాళ్లకి పట్టే గతి చూడండి అంటాను, వేలు చూపిస్తాను. ఇవాళ కూడా వేలెత్తాను.

వేలు ఎటు చూపించాలో తెలియలేదు.

చిట్లించిన మొహంతో పన్నెండేళ్లుగా గేటు బయట నిలబడ్డది ఎవరు? నీళ్లు తాగాను. చివరి బెంచీలో ఆవిడ ఉంది. మునుపు మొదటి బెంచీలో కూర్చునేది. నిరుటినుంచి చివరి బెంచీ.

రాసేస్తాను. నిరుడు ఇదే ఆదివారం, ఇదే చోట నిలబడి నేను అన్నమాట: చక్రం ఊరి మైదానంలోనే ఉందనుకుంటున్నారా, నా వంటింట్లో కూడా తిరుగుతోంది, నా భార్య పదకొండేళ్లుగా దాని కోసం దేవులాడుతోంది, గురువు గడపలోనే ఇలా ఉంటే మీ సంగతేమిటి అని. ముద్ద నోట్లో ఉండగా అడిగిన సంగతి కూడా చెప్పాను. నటించి చూపించాను. ఇరవై ఆరుమందీ నవ్వారు, మెడలు సాచి మొదటి బెంచీలో ఉన్న ఆవిణ్ణి చూశారు. ఆవిడ తల వంచుకుని సంచిలో కళ్లజోడు వెతుక్కుంది. చాలాసేపు వెతుక్కుంది.

కళ్లజోడు ఆవిడ కళ్లకే ఉంది.

అది మంచి ప్రసంగమని అప్పుడు ఇందులో రాసుకున్నాను. ఆ పేజీ తీసి చూశాను. "దివ్యంగా పలికింది" అని ఉంది.

సాయంత్రం పెట్టె ఎక్కలేదు. గొంతు బాగోలేదని వేరుశనగకాయలాయనకి కబురంపాను.

జనవరి 28, మంగళవారం

చలి ముదిరింది. మఫ్లర్ కోసం ట్రంకుపెట్టె అడుగుదాకా తీశాను.

పసుపు శాలువా.

జనవరి 29, బుధవారం

దాని అంచుకి పిన్నీసుతో గుచ్చిన సగం టికెట్లు ఉన్నాయి. జతలు జతలుగా. ఎన్నో చూడకుండానే మడతపెట్టి, ఎలా ఉందో అలాగే పెట్టేశాను. మఫ్లర్ లేకుండానే కొట్టుకి వెళ్లాను.

బావమరిది మిషను దగ్గర నిలబడి, నీకు తెలుసా అని అడిగాను. శాలువా అంచు కుట్టింది తనేనన్నాడు. దూరానికి కూడా ఆనే రంగు కావాలని అక్క అడిగిందట. ఎవరికి ఆనాలి అని తను అడిగితే, చూపు ఎప్పుడూ కిందే ఉండే ఒక మనిషికి అందిట.

చిన్నప్పుడు ఏదైనా తప్పు చేస్తే నవ్వేవాణ్ణి, ఏడుపు ఆపుకోవడానికి. వాడి కొట్లో నిలబడి అలాగే నవ్వాను. ఎగతాళి అని పదేళ్లకి పైగా ఊరందరికీ వేలెత్తి చూపించాను. సొంత మనిషి కింద కనిపించాడని చెయ్యి ఊపిన మనిషిని.

"ఇప్పుడేం చేస్తావు బావా?"

అడుగుతాను అన్నాను.

"నీకు అడగడం వచ్చా?"

రాదు. ముప్పై ఏళ్లుగా చెప్పడమే. ఇంటికొచ్చేదాకా దారంతా అభ్యాసం చేశాను. ప్రతిసారీ మూడు భాగాలుగా వచ్చింది.

జనవరి 30, గురువారం

అడిగాను.

ఆవిడ స్టవ్ దగ్గర ఉంది. తాళం సూత్రం గుర్తుచేసుకున్నాను, కొట్టకూడదు, తిప్పకూడదు. అయినా గొంతు మందిరంలోలాగే లేచింది. "ఇదిగో. ఆదివారం ఎగ్జిబిషన్ ఆఖరిరోజు. చక్రం ఎక్కుదామా?" పై వాటాలో ఎవరో కుర్చీ జరిపారు.

మోకాళ్ల నొప్పులండీ అంది.

మోకాళ్లకి అక్కడ పనిలేదు, కూర్చునే తిరుగుతుంది అన్నాను. నీకు తెలియని చక్రమా అనబోయి ఆగాను. ఆవిడ నా మొహం చూసి, ట్రంకుపెట్టె వైపు చూసి, గ్రహించింది. మంట తగ్గించింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

తప్పయిందన్నాను. ఆ ఒక్క మాట రావడానికి ఎంతసేపు పట్టిందంటే పాలు పొంగాయి.

"మీరు నిజంగానే అడుగుతున్నారు. తెలుస్తోంది," అంది. "కాని, అందరిలో అన్న మాటకి వంటింట్లో మందు ఉండదండీ."

జనవరి 31, శుక్రవారం

రోజంతా ఒకటే తాళం ముందేసుకుని కూర్చున్నాను. అందరిలో అంటే ఇరవై ఆరుమంది. గురువుకి చక్రం పిచ్చి పట్టిందంటారు. మొదటి బెంచీ పెద్దాయన లేచి వెళ్లిపోతాడు. వెళ్లిపోతే మిగతావాళ్లు వెళ్తారు. ముప్పై ఏళ్లుగా కూడబలుక్కుని కట్టుకున్న పేరు.

నిలబడి మూడుసార్లు చదవకుండా నోరు విప్పనన్న మాట కూడా అందులోదే.

ఫిబ్రవరి 1, శనివారం

ప్రసంగం రాద్దామని కూర్చున్నాను. మూడు భాగాలూ కొట్టేశాను. ముగింపు ఒక్కటే మిగిలింది. అదీ ప్రశ్న.

ఫిబ్రవరి 2, ఆదివారం

గ్రంథం మూసి చేతిలోనే పట్టుకుని లేచాను. ఇవాళ వాక్యం మీద కాదు, నా మీద చెబుతానన్నాను. మూడుసార్లు చదివితేగాని చెప్పనివాణ్ణి, ఒక్కసారీ చదవని చక్రం మీద పన్నెండు ప్రసంగాలు చేశాను. ఈ నెలలో లోపలికి వెళ్లాను, అద్దాల గదిలో నవ్వాను, నవ్వినందుకు పిడుగేమీ పడలేదు. నిరుడు ఇక్కడ నిలబడి, దాన్ని నిజంగా చదివిన మనిషిని చూపించి మీచేత నవ్వించాను. ఆ మనిషి నన్ను చూసి చెయ్యి ఊపుతుంటే ఎగతాళి అని చెప్పాను. ఆ రాణి కిటికీలో నిలబడ్డది నేనే.

మొదటి బెంచీ పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. అయిపోయింది అనుకున్నాను. ఆయన లేచి నన్ను చూడలేదు. కష్టపడి వెనక్కి తిరిగి చివరి బెంచీ వైపు చూశాడు, మెడ పట్టేసే మనిషి, కూర్చుని తిరగలేడు. మిగతావాళ్లూ తిరిగారు. అందరి కళ్లూ ఆవిడ మీదే, నిరుటిలాగే.

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది.

"ఇదిగో," అన్నాను. గొంతు ఈసారి లేవలేదు. మైకు లేకుండా మొదటిసారి మాట్లాడినట్టుంది. "సాయంత్రం నాతో చక్రానికి వస్తావా?"

సంచిలోంచి చెయ్యి తీసింది. చేతిలో పసుపు శాలువా.

"ఎన్నిసార్లు చదివారు?" అంది.

రెండుసార్లన్నాను. మూడోది నీతో అన్నాను.

బావమరిది ముందుగా నవ్వాడు, తర్వాత అందరూ. నిరుటి నవ్వు కాదు ఇది. ఆవిడ కూడా నవ్వింది కాబట్టి తెలుసు. నవ్వుతూనే లేచి నిలబడి, నా సంఘానికి నేను ఏనాడూ చెప్పనంత క్లుప్తంగా చెప్పింది. అద్దాల గది దండగ, ఒకసారి చూస్తే చాలు. మోటారు సైకిలు బావి దగ్గర చెవుల్లో దూది పెట్టుకోవాలి. పీచుమిఠాయి గేటు దగ్గర కొనకూడదు, లోపల చివర కొట్లో కొనాలి. చక్రం మాత్రం వెలుగుండగా ఎక్కాలి, దీపాలు వెలిగేవేళకి పైన ఉండాలి. మొదటి బెంచీ పెద్దాయన చివర కొట్టు ఎటువైపని అడిగాడు.

సాయంత్రం ఆరుకి ముందే వెళ్లాం. గ్రీజు బాబాయ్ శాలువా చూసి చేతులు కోటుకి తుడుచుకున్నాడు, పక్కన నన్ను చూసి మళ్లీ తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్లకి రెండో టికెట్టు కూర్చుందమ్మా," అన్నాడు.

తొట్టి కదలగానే నేను చంకలోని గ్రంథాన్ని ఒక చేత్తో, ఆవిడ మోచేతిని ఒక చేత్తో పట్టుకున్నాను. నేల వెళ్లిపోయింది. బస్టాండు రేకులు వెళ్లిపోయాయి. చేప కడుపులో మూడు రోజులున్నవాడికి కింద సముద్రమైనా ఉంది, నాకు గాలి తప్ప ఏమీ లేదు. కళ్లు మూసుకుని నాకొచ్చిన కీర్తనలన్నీ కలిపి ఒకటే చేసి పాడాను. కళ్లు తెరవండి, ఆగింది అంది ఆవిడ.

తెరిచాను.

మందిరం రేకు అగ్గిపెట్టెంత ఉంది. మా వంటింటి కిటికీ తెరిచి ఉంది, ఆవిడే తెరిచి వచ్చినట్టుంది. కింద ఒక్కొక్క వరసా దీపాలు వెలుగుతున్నాయి, ఎవరో నేలమీద గింజలు చల్లుతున్నట్టు. ప్రాణమా, ఇంత వెలుగు మీద నువ్వు ఇన్నాళ్లు అరిచావు.

ఆవిడ శాలువా భుజం మీంచి తీసి, అలవాటుకొద్దీ గేటు వైపు ఊపింది. అక్కడ నా చెక్కపెట్టె ఖాళీగా బోర్లించి ఉంది. పక్కనున్న వేరుశనగకాయలాయన తలెత్తి, అటూ ఇటూ చూసి, పొట్లాం కట్టే కాగితం ఒకటి తీసి తిరిగి ఊపాడు. ఇద్దరం ఊపాం. నేనైతే గ్రంథం పట్టుకున్న చెయ్యి ఊపాను, రెండోది ఆవిడ మోచేతిని వదలనంది.

"అక్కడ ఎవరూ లేకపోతే బోసిగా ఉంది," అంది.

నన్ను చూసి నవ్వుకునేదానివి కదూ, ఎంత చెడ్డగా తిట్టేవాణ్ణో అన్నాను.

"ఏం తిట్టేవారో నాకేం తెలుసు? ఇంతెత్తుకి మాటలు రావండీ. గొంతు ఒక్కటే వస్తుంది. అచ్చం పెళ్లయిన కొత్తలో పక్కగదిలో కూడబలుక్కుని చదువుకునేవారే, అలా. అది వినడానికే ఎక్కేదాన్ని."

ఇంకా ఏదో అంది. చక్రం కదిలింది. నేను పడిపోతానని ఆవిడే నన్ను పట్టుకుంది.

ఎగ్జిబిషన్ చూడదగ్గదా, కాదా: వెనక పేజీలో పాపాల పట్టీ కింద గీత గీసి, చూడదగ్గది అని రాశాను. వెలుగుండగా వెళ్లాలి. ఒక్కళ్లే వెళ్లకూడదు.

ఫిబ్రవరి 3, సోమవారం

చక్రం విప్పుతున్నారు. పొద్దున్నే ఇద్దరం కిటికీలోంచి చూశాం. ఒక్కొక్క తొట్టీ దింపి లారీలో పెడుతున్నారు.

ఆవిడ టికెట్ల జత శాలువా అంచుకి గుచ్చుతూ అడిగింది. ఈ ఏడాదిలో మొదటిసారి అడిగింది.

"వచ్చే ఏడు మళ్లీ పెట్టె ఎక్కుతారా?"

నీ పక్కన కూర్చుంటానన్నాను.

"మీరు పైన కూర్చుంటే కిందనుంచి మీ గొంతు ఎలా వస్తుంది?"

ఇది నేను ఆలోచించని చిక్కు. సరే, ముందు ఒకసారి నువ్వెక్కు, నేను కింద మాట్లాడతాను, తర్వాత ఇద్దరం ఎక్కుదాం అన్నాను. దానికి ఒప్పుకుంది. కాని ఇప్పుడు చక్రాన్ని తిట్టలేను కదా, దేని మీద మాట్లాడను అని అడిగాను.

"ఏదో ఒకటి మాట్లాడండి," అంది. "మాటలు ఎలాగూ పైకి రావు."